నడిస్తే గ్రాఫ్ వచ్చే ల్యాబ్: డిగ్రీ మొదటి సంవత్సరం ఫిజిక్స్‌కు కంప్యూటర్ ప్రయోగాలు ఎలా మొదలుపెట్టాలి

మీరు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంటే, రేపు క్లాసులో ఒక చిన్న పని చేయండి. బోర్డు మీద స్థానం–కాలం గ్రాఫ్ ఒకటి గీయండి. గీత కొంతసేపు పైకి పోవాలి, కొంతసేపు అడ్డంగా సాగాలి, తర్వాత కిందికి దిగాలి. "ఈ మనిషి ఏం చేశాడు?" అని అడగండి. అనంతపురంలో నేను ఈ ప్రశ్న వేసిన ప్రతి బ్యాచ్‌లోనూ ఒక జవాబు తప్పకుండా వచ్చింది: "గుట్ట ఎక్కి, పైన కొంచెం దూరం నడిచి, ఆ పక్కకు దిగినాడు సార్."

వీళ్ళు ఇంటర్ బాగా పాసైన పిల్లలే. వేగం నిర్వచనం అడిగితే తడుముకోకుండా చెబుతారు. కానీ గ్రాఫ్‌ను బొమ్మలాగా చూస్తారు. బోర్డు మీద ఎన్నిసార్లు వివరించినా ఆ అలవాటు పోదు. అదే పిల్లవాడు కంప్యూటర్‌కు కలిపిన, దూరం కొలిచే సెన్సార్ ముందు నిలబడి రెండడుగులు వెనక్కి వేసినప్పుడు తెర మీద గీత పైకి లేచిందనుకోండి, ఆగగానే అడ్డంగా మారిందనుకోండి, ఒక్క పూటలో గుట్ట మాయమవుతుంది. కంప్యూటర్‌ను ఫిజిక్స్ ల్యాబ్‌లోకి తేవాలని నేను పట్టుబట్టేది ఇందుకే. రీడింగులు తొందరగా వస్తాయనో, దశాంశ స్థానాలు ఎక్కువ వస్తాయనో కాదు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ థార్న్‌టన్, ఆరెగాన్‌లో డేవిడ్ సొకొలాఫ్, డికిన్సన్ కాలేజీలో ప్రిసిలా లాస్ 1980ల నుంచే దీని మీద పనిచేశారు. 1987లో వచ్చిన హెదర్ బ్రాసెల్ పరిశోధనలో ఒక ముఖ్యమైన విషయం తేలింది. కదలికతో పాటే గ్రాఫ్ తెర మీద కనిపిస్తే పిల్లలు బాగా నేర్చుకున్నారు. అదే గ్రాఫ్‌ను కొద్దిసేపు ఆలస్యంగా చూపిస్తే ఆ లాభం చాలావరకు పోయింది. మీరు ఏ పరికరం కొన్నా, ఏ సాఫ్ట్‌వేర్ వాడినా ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి: కాలు కదిలినప్పుడే గీత కదలాలి.

ముందు గది, తర్వాత కొనుగోలు

పిల్లలను కంప్యూటర్ ల్యాబ్‌కు తీసుకెళ్ళకండి. కంప్యూటర్లనే ఫిజిక్స్ ల్యాబ్‌లోకి తెచ్చుకోండి. కంప్యూటర్ ల్యాబ్‌లో వరసగా కుర్చీలుంటాయి, నడవడానికి చోటుండదు, నీళ్ళ గ్లాసు తెస్తేనే గొడవ. ఆఫీసులోనో, స్టోర్ రూములోనో మూలపడిన పాత మిషన్లు మూడు నాలుగు దొరికినా చాలు. వాటిలో ఉబుంటు లాంటి ఉచిత లినక్స్ వేసుకుంటే ఈ పనికి సరిపోతాయి. వీలైతే ఒకటి రెండు ల్యాప్‌టాప్‌లు ఉండేలా చూసుకోండి. మా వైపు వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. సెన్సార్ బోర్డుకు కావలసిన విద్యుత్తు యూఎస్‌బీ తీగలోంచే వస్తుంది కాబట్టి, ల్యాప్‌టాప్ ఉంటే కరెంటు పోయినా ప్రయోగం ఆగదు.

కొనడానికి రెండు దారులున్నాయి. న్యూఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ తన ఫీనిక్స్ ప్రాజెక్టు కింద ఎక్స్‌పైస్ అనే పెట్టె తయారు చేసింది. ఇది మన దేశపు కాలేజీల కోసం, మన ధరలకు తగ్గట్టు చేసిన పరికరం. ఎక్స్‌పైస్–17లో చిన్న ఆసిలోస్కోప్, సిగ్నల్ జనరేటర్, వోల్టేజి సోర్సులు అన్నీ ఉంటాయి. సాఫ్ట్‌వేర్ ఉచితం. డిపార్ట్‌మెంట్‌కు ఒకటి రెండు ఉంటే ఎలక్ట్రిసిటీ ప్రయోగాలకు ఇక వెతుక్కోనక్కర్లేదు.

రెండో దారి ఆర్డుయినో అనే, ప్రోగ్రాం ఎక్కించి వాడుకునే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు, దానికి విడి సెన్సార్లు. కొన్ని వందల రూపాయల్లో ఒక సెట్టు తయారవుతుంది, కానీ తీగలు కలపడం, ప్రోగ్రాం ఎక్కించడం మీ పని. చవక ఆర్డుయినో బోర్డుల్లో చాలావాటికి సీహెచ్ 340 అనే చిప్ ఉంటుంది. విండోస్ కంప్యూటర్ బోర్డును గుర్తించలేదంటే ముందు ఆ చిప్ డ్రైవర్ వేసి చూడండి. బోర్డు చెడిపోయిందని అనుకుని తిప్పి పంపినవాళ్ళున్నారు.

నా సలహా అడిగితే, మొదటి సెమిస్టర్‌కు ఆర్డుయినో సెట్లు నాలుగు కట్టుకోండి, ఎక్స్‌పైస్ ఒకటి తెప్పించుకోండి. ముప్పై మంది బ్యాచ్‌ను ఒకేసారి దీనిమీద పెట్టకండి. సగం మంది ఎప్పటిలాగే వెర్నియర్, స్క్రూగేజ్ చేసుకుంటుంటే మిగతా సగం మంది ఇటు రావచ్చు. నాలుగు సెట్లకు ముగ్గురు నలుగురు చొప్పున సరిపోతారు.

నడక ప్రయోగం: దీనికి రెండు పూటలు ఇవ్వండి

హెచ్‌సీ–ఎస్ఆర్04 అనే అల్ట్రాసోనిక్ మాడ్యూల్ తీసుకోండి. రెండు గుండ్రటి కళ్ళలాగా ఉంటుంది. దాని ట్రిగ్గర్ పిన్‌కు 10 మైక్రోసెకన్ల పల్స్ ఇస్తే 40 కిలోహెర్ట్జ్ ధ్వనిని వదులుతుంది. ఆ ధ్వని మనిషిని తాకి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో ఎకో పిన్ చెబుతుంది. ఆ సమయాన్ని ధ్వని వేగంతో గుణించి రెండుతో భాగిస్తే దూరం. 2 సెంటీమీటర్ల నుంచి 4 మీటర్ల దాకా కొలవగలదు. సెకనుకు పదిహేను రీడింగులు తీయండి. అంతకంటే తొందరపెడితే పాత ప్రతిధ్వని కొత్తదానితో కలిసి గీత ఎగిరెగిరి పడుతుంది.

ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లోనే సీరియల్ ప్లాటర్ ఉంది. దూరాన్ని మీటర్లలో ప్రింట్ చేయిస్తే చాలు, గ్రాఫ్ అదే గీస్తుంది. అడ్డం అక్షం మీద కనిపించేది సెకన్లు కాదు, రీడింగుల సంఖ్య. పిల్లలకు ఆ మాట మొదటే చెప్పండి, లేకపోతే వాలు కట్టేటప్పుడు తికమకపడతారు.

సెన్సార్‌ను నడుము ఎత్తున బల్ల మీద పెట్టండి. ధ్వని శంకువులాగా విచ్చుకుంటుంది కాబట్టి నడిచే దారికి పక్కన బెంచీలు, స్టూళ్ళు లేకుండా జరపండి. సీలింగ్ ఫ్యాన్ గాలికి రీడింగులు వణుకుతున్నట్టనిపిస్తే ఆ కాసేపు ఆపేయండి. చున్నీలు, వదులు చొక్కాలు ధ్వనిని మింగేస్తాయి, అందుకని నడిచే విద్యార్థి ఎగ్జామ్ ప్యాడ్‌ను పొట్ట దగ్గర నిలువుగా పట్టుకోవాలి. గీత శుభ్రంగా రావడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు దొరకలేదు.

ఇక అసలు పని. ప్రతి ఒక్కరికీ ఒక కాగితం ఇవ్వండి. "సెన్సార్ దగ్గర నుంచి నెమ్మదిగా దూరం జరిగి, మూడు సెకన్లు ఆగి, వేగంగా వెనక్కి రండి. గ్రాఫ్ ఎలా వస్తుంది?" అని అడిగి, నడవకముందే ఆ కాగితం మీద గీయించండి. పెన్నుతోనే గీయాలి. పెన్సిల్ ఇస్తే తర్వాత చెరిపేసి సరిచేసుకుంటారు. తను ఏమనుకున్నాడో, తెర మీద ఏం వచ్చిందో రెండూ పక్కపక్కన మిగలాలి. తప్పు గీసినందుకు మార్కులు పోవని ముందే గట్టిగా చెప్పండి, చెప్పిన మాట మీద నిలబడండి. ఇది లేకపోతే మిగతాదంతా దండగ.

తర్వాత నడిపించండి. ఒకరు నడుస్తారు, ఒకరు మౌస్ దగ్గర ఉంటారు, ఒకరు రాస్తారు. ప్రతి నడకకూ పాత్రలు మారాలి. మారకపోతే కంప్యూటర్ బాగా తెలిసినవాడే మౌస్ పట్టుకుంటాడు, పల్లెటూరి నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి ఎప్పుడూ రాస్తూనే ఉంటుంది. ఆ అమ్మాయినే మొదట నడవమనండి.

మూడో మెట్టు, గ్రాఫ్ మీరిచ్చి నడక వాళ్ళను చేయమనడం. తెర పక్కన ఒక గీత గీసి పెట్టి, "ఇలాంటిది తెప్పించండి" అనండి. గదిలో అరుపులు మొదలవుతాయి: "ఆగు, ఆగు, ఇప్పుడు ఎనక్కి రా, నిదానంగా!" ఆ అరుపులే పాఠం. వాలు అంటే వేగం అని మీరు చెప్పనక్కర్లేదు, ఒకరికొకరు చెప్పుకుంటుంటారు.

రెండో పూట వేగం–కాలం గ్రాఫ్. వరస రీడింగుల మధ్య దూరం తేడాను వాటి మధ్య కాలంతో భాగిస్తే వేగం వస్తుంది. సెన్సార్ వైపు వచ్చేటప్పుడు గీత సున్నా కిందికి పోతుంది. "వేగం మైనస్ ఏంది సార్, నడస్తానే ఉన్నాను కదా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. వెంటనే జవాబు చెప్పకండి. ఎటు నడిస్తే మైనస్ వస్తుందో, ఎటు నడిస్తే ప్లస్ వస్తుందో వాళ్ళనే కనుక్కోనివ్వండి. సెన్సార్‌ను గదికి అవతలి చివర పెట్టి అదే నడక మళ్ళీ నడవమనండి. గుర్తు తారుమారవుతుంది. దిశ మనం ఎంచుకున్నదేనని అక్కడ తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ చవక సెన్సార్‌లో 3 మిల్లీమీటర్ల దాకా తడబాటు మామూలు. సెకనులో పదిహేనో వంతులో 3 మిల్లీమీటర్ల తేడా వస్తే వేగంలో సెకనుకు నాలుగున్నర సెంటీమీటర్ల తప్పు. అయిదు రీడింగుల సగటు తీస్తే నడకకు సరిపోతుంది. ఆ వేగాల తేడాను మళ్ళీ కాలంతో భాగించి త్వరణం కట్టబోతే గ్రాఫ్ రంపపు పళ్ళలాగా వస్తుంది. త్వరణానికి ఈ సెన్సార్ వాడకండి. పిల్లలకు ఒకసారి ఆ రంపాన్ని చూపించి, ఎందుకలా వచ్చిందో లెక్క కట్టించండి. తప్పుల లెక్క మీద ఒక గంట లెక్చర్ కంటే అది ఎక్కువ పనిచేస్తుంది.

మన ఎండతో ఒక ప్రయోగం

ఇంటర్నెట్‌లో దొరికే ప్రోగ్రాముల్లో చాలావాటిలో ధ్వని వేగం 340 మీటర్లని రాసిపెట్టి ఉంటుంది. ధ్వని వేగం ఉష్ణోగ్రతతో మారుతుంది: సున్నా డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 331.4 మీటర్లు, ఆపైన ఒక్కో డిగ్రీకి 0.6 మీటరు చొప్పున పెరుగుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం కర్నూలులోనో, అనంతపురంలోనో గదిలో 40 డిగ్రీలున్నాయనుకోండి. వేగం 355 దాటుతుంది. టేపుతో సరిగ్గా 2 మీటర్ల దూరంలో పెట్టిన అట్టను సెన్సార్ 1.91 మీటర్లని చూపిస్తుంది. దాదాపు 9 సెంటీమీటర్ల తేడా!

ఈ తప్పును ప్రోగ్రాంలో మీరే దిద్దేయకండి, పిల్లలకు వదిలేయండి. ఉదయం కాలేజీ తెరవగానే ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి అదే దూరం కొలిపించండి. రెండుసార్లూ గది ఉష్ణోగ్రత రాయించండి. ధ్వని వేగానికీ వేడికీ సంబంధం వాళ్ళ ఊరి ఎండలోంచే బయటపడుతుంది.

ఉష్ణోగ్రతకు డీఎస్18బీ20 అనే సెన్సార్ వాడండి. స్టీలు గొట్టంలో మూసి ఉన్న రకం తీసుకుంటే నీళ్ళలో ముంచవచ్చు. డేటా తీగకూ సప్లై తీగకూ మధ్య 4.7 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టడం మరిచిపోవద్దు, అది లేకపోతే అర్థంలేని సంఖ్యలు వస్తాయి. ఒక్కో రీడింగుకు ముప్పావు సెకను పడుతుంది, చల్లారే నీళ్ళకు అది చాలు. న్యూటన్ చల్లదనపు సూత్రం ఎప్పుడూ చేసేదే కాబట్టి వివరించను. దాని పక్కన ఇంకొకటి చేయించండి: సెన్సార్ కొనకు తడి దూది చుట్టి ఫ్యాన్ ముందు పెట్టండి. గాలి బాగా పొడిగా ఉన్న వేసవి రోజున గ్రాఫ్ గది ఉష్ణోగ్రత కంటే పది డిగ్రీలకు పైగా కిందికి జారుతుంది. "గదిలో ఉన్నదానికంటే చల్లగా ఎలా అయింది?" అని అడగండి. ఇంట్లో కుండనీళ్ళు తాగే పిల్లలకు జవాబు తెలుసు, కానీ దాన్ని నీరు ఆవిరయ్యేటప్పుడు తీసుకునే గుప్తోష్ణంతో ఎప్పుడూ కలిపి చూసి ఉండరు. వానాకాలంలో అదే ప్రయోగం చేస్తే అంత జారదు. రెండు గ్రాఫులూ దాచి పక్కపక్కన పెట్టండి.

సూది చూపించలేనిది

కెపాసిటర్ డిశ్చార్జికి 1000 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్, 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ తీసుకుంటే కాలస్థిరాంకం 10 సెకన్లు వస్తుంది. వోల్టేజి 37 శాతానికి పడేదాకా కళ్ళతో చూడవచ్చు. కెపాసిటర్ ధ్రువాలు తిరగేయకుండా చూసుకోండి. 10కి బదులు 11.4 వస్తే పిల్లలు కంగారుపడి రీడింగు దిద్దబోతారు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ మీద రాసిన విలువకు 20 శాతం అటూ ఇటూ ఉండటం మామూలేనని అప్పుడు చెప్పండి. వచ్చింది వచ్చినట్టు రాయడం ఇక్కడ అలవాటు చేయాలి.

ఎక్స్‌పైస్‌తో నాకు బాగా ఇష్టమైనది అయస్కాంతం జారవిడిచే ప్రయోగం. ప్లాస్టిక్ పైపు చుట్టూ రాగి తీగ చుట్ట పెట్టి, పైపులోంచి చిన్న అయస్కాంతం వదలండి. గాల్వనోమీటర్ సూది ఒకసారి ఉలిక్కిపడి ఊరుకుంటుంది. తెర మీద మాత్రం ఒకదానికొకటి వ్యతిరేకంగా రెండు శిఖరాలు నిలబడతాయి. రెండోది మొదటిదానికంటే ఎత్తుగా, సన్నగా ఉంటుంది. ఎందుకు? అయస్కాంతం బయటికి వెళ్ళేసరికి వేగం పెరిగింది కాబట్టి. రెండు శిఖరాల వైశాల్యాలూ కట్టించండి, దాదాపు సమానంగా వస్తాయి. చుట్టలోకి వచ్చిన అయస్కాంత అభివాహమే (ఫ్లక్స్) బయటికి పోయింది. ఫారడే సూత్రం ఇంత స్పష్టంగా వేరెక్కడా చూపించలేం.

న్యూటన్ మూడో నియమానికి బలాన్ని కొలిచే లోడ్ సెల్ రెండు, వాటి రీడింగులు ఆర్డుయినోకు అందించే హెచ్ఎక్స్711 బోర్డులు కావాలి. రెండిటినీ కొక్కెంతో కలిపి, ఒక బలమైన పిల్లవాణ్ణి, ఒక సన్నటి పిల్లవాణ్ణి చెరోవైపు లాగమనండి. ఎవరు ఎక్కువ బలంతో లాగారో ముందుగా రాయించండి. రెండు గీతలూ ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలాగా కదులుతాయి. ఆ బోర్డు మామూలుగా సెకనుకు 10 రీడింగులే ఇస్తుంది కాబట్టి గుద్దుకోవడాలు చూపించడానికి పనికిరాదు, మెల్లగా లాగించండి.

ఫోన్లు ఉన్నాయి కదా

జర్మనీలోని ఆహెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2016లో విడుదల చేసిన ఫైఫాక్స్ యాప్ ఉచితం. ఫోన్లో ఉన్న త్వరణమాపకాన్నే ల్యాబ్ పరికరంగా మారుస్తుంది. కడప బండ ముక్క ఒకటి మా వైపు ఏ కాలేజీ ఆవరణలోనైనా దొరుకుతుంది. దాన్ని ఒకవైపు ఎత్తి, ఫోన్‌ను అట్ట కవరులో పెట్టి జారనివ్వండి. కింద దిండో, మడిచిన గోనెపట్టో ఉంచండి. జారడం మొదలైన కోణం నుంచి స్థైతిక ఘర్షణ, జారేటప్పటి త్వరణం నుంచి గతిజ ఘర్షణ దొరుకుతాయి. నున్నటి వైపు, గరుకు వైపు రెండూ చేయించండి.

పైకి విసిరిన బంతికి ట్రాకర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడండి. వీడియో తీసి ఒక్కో ఫ్రేములో బంతి ఎక్కడుందో గుర్తిస్తే చాలు. ఎండలో తీయండి, నీడలో బంతి మసకబారుతుంది. మీటరు కర్ర బంతి కదిలే తలంలోనే ఉండాలి, కెమెరా నిటారుగా ఎదురుగా ఉండాలి. పై చివర బంతి త్వరణం సున్నా అని చెప్పే పిల్లలకు వేగం గ్రాఫ్ చూపించండి: సున్నాను దాటుతూ కూడా అదే వాలుతో నేరుగా పోతుంది. ఆ వాలు 9.78కి దగ్గరగా వస్తే సంతోషించండి. మన అక్షాంశం దగ్గర గురుత్వ త్వరణం నిజంగా అంతే. 9.8కి సరిపెట్టమని ఎవరినీ అడగకండి.

కంప్యూటర్‌లో బొమ్మలతో నడిచే సిమ్యులేషన్లు వేరు, ఇవి వేరు. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడోలో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లు చాలా మంచివి, కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి. కంటికి కనపడని ఎలక్ట్రాన్లకు, క్షేత్రాలకు వాటిని వాడండి. నడకకు, చల్లారే నీళ్ళకు వాడవద్దు, ఎదురుగా నిజమైనవే ఉన్నాయి.

రికార్డు, మార్కులు

మొదటి ఏడాది నేను చేసిన తప్పు చెబుతాను. ఏ బటన్ తర్వాత ఏ బటన్ నొక్కాలో పన్నెండు పేజీల మాన్యువల్ రాసి ఇచ్చాను. వాలు కూడా సాఫ్ట్‌వేరే కట్టేది. గంటలో అందరి ప్రింటౌట్లు అందంగా తయారయ్యాయి. మర్నాడు "ఈ వాలుకు యూనిట్ ఏమిటి?" అని అడిగితే క్లాసులో ఒక్క చెయ్యి లేవలేదు. ఆ మాన్యువల్ పక్కనపెట్టి ఒక పేజీ కాగితం చేశాను: నీ అంచనా గీయి, వచ్చింది గీయి, తేడా ఎందుకు వచ్చిందో నీ మాటల్లో మూడు వాక్యాలు రాయి. వాలు మొదటి రెండు ప్రయోగాల్లో స్కేలుతో, చేత్తోనే కట్టాలి. ఆ తర్వాతే కంప్యూటర్‌కు అప్పగించవచ్చు.

మూడు వాక్యాలూ తెలుగులో రాసినా తీసుకోండి. పరీక్ష ఇంగ్లీషులో ఉంటుందని టెన్షన్ పడకండి, అర్థమైన మాటను తర్వాత ఇంగ్లీషులో పెట్టడం కష్టం కాదు. మార్కుల్లో పెద్ద వాటా ఈ వాక్యాలకే ఇవ్వండి. సీనియర్ రికార్డు చూసి రీడింగులు ఎక్కించవచ్చు గానీ, తన అంచనా ఎందుకు తప్పిందో ఎవరి రికార్డులోనూ దొరకదు.

వెర్నియర్, స్క్రూగేజ్, స్పెక్ట్రోమీటర్ మాత్రం కంప్యూటర్‌కు మార్చకండి. వాటికి చేతి వాటం కావాలి, యూనివర్సిటీ ప్రాక్టికల్స్‌లో అడిగేవి కూడా అవే.

ప్రతి ల్యాబ్ చివర డేటా ఫైలు సేవ్ చేయించండి. పేరులో తేదీ, బ్యాచ్, గది ఉష్ణోగ్రత ఉండాలి. సెన్సార్లను మూత గట్టిగా పడే స్టీలు డబ్బాలో పెట్టండి, మా వైపు దుమ్ముకు అట్టపెట్టె ఆగదు. డబ్బా మూత లోపలివైపు తీగల రంగులు ఏ పిన్‌కు ఏది కలపాలో రాసి అంటించండి. వచ్చే ఏడాది బ్యాచ్ వచ్చినప్పుడు మొదటి రోజు ఆ డబ్బాతో పాటు ఈ ఏడాది ఏప్రిల్ ఫైలు కూడా ఇచ్చి, వాళ్ళు కొలిచిన ధ్వని వేగాన్ని దానితో పోల్చమనండి.